కబురుబండ బూడిద

నాకు అనుమానం జబ్బు ఉందని మా ఆవిడ రత్నమాల మూసాపేటలో మా అపార్ట్‌మెంట్ అంతా చెబుతూ ఉంటుంది. జబ్బు కాదు, వృత్తి. పురావస్తు శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసినవాడికి ఎదురుగా కనిపించేది ఏదీ ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ఒక్కసారి నమ్మాను. చెరువు గట్టున దొరికిందని చూపించిన శాసనం పదో శతాబ్దానిదని రాసి సంతకం పెట్టాను. ఏడాది తిరక్కుండా అది ఆ పక్క ఊరి శిల్పి ఆర్నెల్ల కిందట చెక్కిందని తేలింది. విశ్వేశ్వరరావు అన్న నా పేరు పేపర్లో పడింది. ఆనాటి నుంచి పాల ప్యాకెట్టు కూడా తిప్పి తేదీ చూడనిదే కత్తెర పెట్టనివ్వను.

రిటైరై మూడేళ్లయింది. ఈ ఏడాది హోలీ వెళ్లిన నాలుగో రోజున పాత కట్టడాల కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. గోపన్‌పల్లి అవతల కబురుబండ అనే గుట్ట ఉంది. దాన్ని పగలగొట్టి ముప్పై ఆరు అంతస్తుల టవర్లు కట్టాలని ఒక కంపెనీ ఉబలాటం. కూడదని వీరేశం అనే క్యాబ్ డ్రైవరు అర్జీ. గుట్ట మీది రాతి తిన్నె కుతుబ్‌షాహీల కాలం నాటిదనీ, పడమటి నుంచి శత్రువులు వస్తుంటే అక్కడ మంట వేసేవారనీ, దాన్ని చూసి గోలకొండ కోట మేలుకునేదనీ, ఆ మంట వేసే కొలువు తమ ఇంటిదనీ అందులో రాశాడు. అది నిజమైతే గుట్టను ఎవరూ ముట్టుకోకూడదు. కాకపోతే మర్నాడే డ్రిల్లింగ్ మొదలు. ఏ సంగతో తేల్చి రాయాల్సినవాణ్ని నేను.

మొదటి రోజు స్కూటర్ దిగి గుట్ట ఎక్కేసరికి ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఒకరు కంపెనీ మేనేజరు రవికిరణ్. చేతిలో కొబ్బరిబోండం. "ఎండ మండిపోతోంది సార్, ముందు ఇది తాగండి" అన్నాడు. ఇంత మర్యాద దేనికో అని అనుమానం వచ్చి తాగలేదు. రెండోవాడు వీరేశం. నలభై ఏళ్లుంటాయి, ఇంకా పెళ్లి కాలేదు, ఐటీ కంపెనీల షిఫ్టు బండి నడుపుతాడు. అతను ఏమీ ఇవ్వలేదు. ఏమీ ఇవ్వకుండా ఉండటం కూడా ఒక ఎత్తుగడేమో అనుకున్నాను.

తిన్నె మాత్రం చూడముచ్చటగా ఉంది. నలుగురు చుట్టూ కూర్చోగలిగినంత గుంట, దాని వెనక మోకాలెత్తు వంపు గోడ. ఆ గోడ పడమటి గాలిని ఆపుతుంది. మంట వెలుగు ఆగ్నేయం వైపే పోతుంది. ఆ దిక్కున చూస్తే రెండు అద్దాల టవర్ల మధ్య బెత్తెడు సందులో, దుమ్ములో, గోలకొండ శిఖరం కనిపించింది.

"చూసిన్రా సార్? మా తాతలు గీడ మంట వెడితె గాడ నగారా మోగేదట" అన్నాడు వీరేశం.

"అట" అన్న మాట నా డైరీలో రాసుకుని కింద గీత గీశాను.

గుంట అంచుల రాయి ఎర్రగా కాలి, ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెచ్చులూడి ఉంది. మంట వల్లే అవుతుంది అలాగ. అయితే పాతికేళ్లు వరసగా హోలీకి మంట వేసినా అవుతుంది. మంట వయసు చెప్పాల్సింది రాయి కాదు, బొగ్గు, బూడిద. తాపీ తీసి గీకాను. పైన జానెడు బూడిద, మొన్నటిది. దాని కింద సున్నమూ పేడా కలిపి అలికిన పలచటి పూత. దాని కింద వట్టి రాయి. అంతే.

"మంట ఏటా వేస్తారా?" అని అడిగాను.

"కాముని పున్నానికి, ప్రతి సాలు. రాజుల కొలువు వోయినా మా పని బంద్ కాలే సార్."

"మూడొందల యాభై ఏళ్లుగా వేస్తున్న మంటకు ఇంతే బూడిదా? మిగతాదంతా ఏమైంది?"

వీరేశం వాళ్లమ్మ భాగ్యమ్మ వైపు చూశాడు. నేను గమనించలేదు గానీ, ఆమె అంతసేపూ వంపు గోడ నీడలో మోకాళ్లు నొక్కుకుంటూ కూర్చుని ఉంది. అరవై ఐదు దాటిన మనిషి. తల ఎత్తకుండానే "ఏమో సారూ, గాలికి వోయిందేమో" అంది.

అబద్ధమని నాకు వెంటనే తెలిసిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చెయ్యి కొంగు మీదికి పోయింది. శాసనం చూపించిన శిల్పి కూడా సరిగ్గా ఇలాగే నేల చూపులు చూశాడు. నా ఒళ్లు మండింది. "నేను రిపోర్టు ఇచ్చేదాకా ఈ తిన్నె మీద ఎవరూ చెయ్యి పెట్టకూడదు. చిటికెడు బూడిద కదిలినా నాకు తెలిసిపోతుంది" అని గట్టిగా చెప్పాను.

"అమాస దాకనా?" అంది భాగ్యమ్మ.

"రిపోర్టు ఇచ్చేదాకా."

ఆమె కొడుకు భుజం పట్టుకుని మెల్లగా దిగిపోయింది.

ఎందుకైనా మంచిదని బూడిద మీద అడ్డంగా నల్లదారం ఒకటి పరిచి, రెండు కొసలా గులకరాళ్లు పెట్టి వచ్చాను. రాత్రి భోజనాల దగ్గర చెబితే రత్నమాల పగలబడి నవ్వింది. "బెల్లం డబ్బాకు కట్టే దారమేనా? ఇన్నాళ్లూ చీమలనీ, నన్నూ అనుమానించారు. ఇప్పుడు గుట్టల్ని కూడా మొదలుపెట్టారన్నమాట" అంది.

తర్వాత వారం రోజులు గోపన్‌పల్లిలో వాకబు చేశాను. కబురుబండ మీద మంట చిన్నప్పటి నుంచి చూస్తున్నామని పాతకాపులు నలుగురు చెప్పారు. వాళ్ల చిన్నతనం అంటే డెబ్భై ఏళ్లు. డెబ్భై ఏళ్ల మంటకు గుట్ట ఆగదు. కొలువు ఇచ్చినట్టు కాగితం ఏదన్నా ఉందా అని వీరేశాన్ని అడిగితే, "తాత దగ్గర ఉండెనట సార్, చెదలు తిన్నయి" అన్నాడు. నా సర్వీసులో విన్న అబద్ధాలన్నిటికీ చెదలే సాక్ష్యం. రోజూ పోయి దారం చూసుకుంటూ ఉన్నాను. కదల్లేదు.

ఉగాది ముందు రోజు, అమావాస్య. తెల్లవారి ఆరున్నరకే గుట్ట ఎక్కాను. దారం లేదు. బూడిద లేదు. గుంట గీకి, కడిగి, పచ్చి పేడతో అలికి ఉంది. అంచుల సున్నం ఇంకా తడి ఆరలేదు. ఎవరో నా మొహాన్నే అలికినట్టు అనిపించింది.

గుట్ట వెనక వైపు చూస్తే, తల మీద గంపతో భాగ్యమ్మ దిగుతోంది. నొప్పి మోకాళ్లతో ఒక్కో రాయీ చూసుకుంటూ, చెయ్యి బండకు ఆనించి దిగుతోంది.

"ఏమ్మా! ఆగు!" అని అరిచాను. ఆగలేదు. "నిన్నే! ఏం తీసుకెళ్తున్నావు?" తిరిగి చూడలేదు. మూడోసారి పిలిస్తే ఇంకా వేగం పెంచింది. తప్పు చెయ్యని మనిషి పిలిస్తే పలకదా? నేను ఆవేశపడ్డాను. ఫోన్ తీసి వరసగా నాలుగు ఫోటోలు కొట్టాను. కమిటీ అధ్యక్షురాలు సౌజన్య గారూ, రవికిరణ్, వీరేశం, నేను ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. "వద్దన్నా వినకుండా తిన్నె మీది సాక్ష్యం మార్చేస్తుండగా పట్టుకున్నాను. ఇంకెక్కడో పాత బూడిద కుప్ప సృష్టించే ప్రయత్నం. అర్జీ నమ్మదగినది కాదు" అని రాశాను. ఇన్నేళ్లకు నన్ను ఎవరూ మోసం చెయ్యలేకపోయారని ఛాతీ పొంగింది కూడా.

తర్వాత ఆమె వెంటపడ్డాను. గుట్ట వెనక రెండు పెద్ద బండల మధ్య ఒక చీలిక ఉంది. పై నుంచి చూసేవాళ్లకు అక్కడొక సందు ఉన్నట్టే తెలియదు. భాగ్యమ్మ అంచున నిలబడి గంప దించి, వంగి, బూడిద అందులో పోసింది. గంప బోర్లించి మూడుసార్లు తట్టింది. నేను పక్క నుంచి చీలికలోకే దూకి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"దొరికావు కదా!"

"కాలు తియ్యి సారూ!" అని కేక పెట్టింది. ఇంత గొంతు ఆమెకుందని నాకు తెలియదు. "తొక్కుతున్నవ్! నీ పున్యముంటది, కాలు తియ్యి!"

మడమల దాకా బూడిదలో కూరుకుపోయి ఉన్నాను. ఆ గొంతులో ఉన్నది దొరికిపోయిన భయం కాదు. బయటికి ఎక్కి వచ్చాను. ఆమె రాయి మీద కూలబడి ఏడుస్తూ చెప్పింది.

"గీ బూడిద ఎసొంటిదనుకున్నవ్? ఆపదొచ్చిందని కబురు చెప్పిన మంటది. కాళ్ల కింద వడితె ఆ ఆపద మల్ల లేస్తదంటరు. అందుకే ఉగాది రాకముందే, అమాస పొద్దుగాల, ఇంటి కోడలు ఎత్తి వొయ్యాలె. మోసేటప్పుడు నోరు మెదపొద్దు, ఎనుకకు సూడొద్దు. యాడ వోస్తమో బయటోళ్లకు చెప్పొద్దు. మా ఆయనకు తెల్వదు, నా కొడుక్కు సుత తెల్వదు. నువ్వు గాలికి వోయిందా అని అడిగినవ్, నేనేం చెప్పాలె సారూ?"

గాలి మాట ఆమే అంది, నేను కాదు. కానీ ఆ లెక్క సరిచేసే ఓపిక నాకు ఆ క్షణాన లేదు. నా చూపు చీలిక అడుగు వైపు పోయింది. అక్కడ బండ ఒకటి ఎప్పుడో పక్కకు జరిగి, కుప్ప అంచు అడ్డంగా కోసినట్టు బయటపడి ఉంది. ఒంగి చూశాను. బూడిద, సన్నటి సున్నపు చార, మళ్లీ బూడిద, మళ్లీ సున్నం. ఏటేటా గీకి తెచ్చిన పూత, ఏటేటా పోసిన బూడిద. మా ఆత్రేయపురం పూతరేకుల మడతల్లా, వేలెడంత మందంలో పది పొరలు లెక్కపెట్టాను. సంచిలోంచి ఇనుప ఊచ ముక్కలు తీసి, ఒకదానికొకటి బిగించి పై నుంచి గుచ్చాను. నా భుజం ఎత్తు ఊచ మొత్తం దిగిపోయింది, అడుగు తగల్లేదు.

"కింద ఇంకెంత ఉంది భాగ్యమ్మ గారూ?"

"నాకేం తెల్సు? మా అత్త వోసిందాని మీద నేను వోస్త. ఆమె వాళ్ల అత్త వోసిందాని మీద వోసింది."

నా సర్వీసు మొత్తంలో అంత శుభ్రమైన పొరల వరస నేను చూడలేదు. గుంటలో పాత బూడిద ఎందుకు లేదో, తిన్నె ఎందుకంత బోడిగా ఉందో అప్పుడు అర్థమైంది. వీళ్లు సాక్ష్యం సృష్టించేవాళ్లు కాదు. భక్తికొద్దీ ఏటా సాక్ష్యాన్ని ఊడ్చి దాచుకున్నవాళ్లు. సంతోషంతో నవ్వబోయాను. అంతలో జేబులో ఫోన్ మోగింది.

గ్రూపులో రవికిరణ్ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. "ధన్యవాదాలు సార్. నిజాయతీపరులు ఇంకా ఉన్నారు." దాని కింద సౌజన్య గారు, "గుర్తించాం. ఇదే తుది అభిప్రాయంగా తీసుకుంటున్నాం."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు.  వెంటనే సౌజన్య గారికి ఫోన్ చేసి, పొరపాటు పడ్డాననీ, ఇక్కడ నిలువెత్తు పాత బూడిద ఉందనీ చెప్పాను. ఆవిడ నా మెసేజి మళ్లీ చదువుకున్నట్టుంది.

"ఏడింటికి బూడిద కుప్ప సృష్టిస్తున్నారని రాశారు. ఏడున్నరకు ఆ కుప్పే అసలు సాక్ష్యం అంటున్నారు. ఈ అరగంటలో మీతో ఎవరు మాట్లాడారండీ?"

"ఎవరూ లేరండి. భాగ్యమ్మ గారు తప్ప."

"అదే అడుగుతున్నాను."

నన్ను అనుమానిస్తున్నారు! ముప్పై మూడేళ్లు ఎదుటివాళ్లను గుచ్చి గుచ్చి అడిగినవాణ్ని, ఇంకొకరు నన్ను అడిగితే ఎలా ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు.  నిజం చెబుతున్నవాడి నోరు కూడా తడబడుతుందని ఆ రోజే తెలిసింది. చివరికి ఆవిడ ఒక మాట ఇచ్చింది. ఉగాది మర్నాడు పదింటికి, రెండు పక్షాల ముందూ ఆ కుప్పను తవ్వాలి. అడుగు పొర నుంచి బొగ్గు తీసి, అక్కడికక్కడే సీలు వేసి, వయసు పరీక్షకు పంపాలి. ఏ మాత్రం తేడా కనిపించినా నా మొదటి మెసేజే రిపోర్టు.

ఫోన్ పెట్టి భాగ్యమ్మతో చెప్పాను. తవ్వాలి అనేసరికి ఆమె మొహం మాడిపోయింది.

"తవ్వకుంటె నమ్మరా?"

"నమ్మరమ్మా. నమ్మకుండా చేసింది నేనే. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది."

ఆమె చీలిక అంచున రాలిన బూడిదను చేత్తో లోపలికి తోసింది. "తవ్వకుంటె గుట్ట వోతది. గుట్ట వోతే మంట యాడ వెడ్తం? తవ్వు. కానీ తీసిన బూడిద నేల మీద వెట్టొద్దు. ఆడ నేను చెప్పినట్టు చెయ్యాలె" అంది.

"మీరు ఎలా అంటే అలాగే."

ఉగాది మర్నాడు అందరూ వచ్చారు. సౌజన్య గారు మడత కుర్చీ వద్దని బండ మీదే కూర్చుని కాగితాలు తెరిచింది. రవికిరణ్ ఫోన్‌లో వీడియో మొదలుపెట్టాడు. వీరేశం చీలిక అంచున నిలబడి లోపలికి చూస్తూ, "అమ్మా, నేను చిన్నప్పుడు గీ బండల మీదనే ఆడుకుంటుంటి" అన్నాడు. తల్లి గంప తెచ్చి నా పక్కన పెట్టింది.

పక్క నుంచి సన్నగా కోత మొదలుపెట్టాను. మొదటి మూరెడు లోతు బూడిద గంపలోకి ఎత్తాను. గంప నిండింది. అడుగు పొర ఇంకా చాలా దూరం. భాగ్యమ్మ వచ్చి, కొంగు చింపి చుట్ట చుట్టి నా తల మీద పెట్టింది. నేను ఏమిటనే లోపే వీరేశం సాయంతో గంప ఎత్తి దాని మీద పెట్టింది.

"నా మోకాళ్లు వోయినయి. ఇంట్ల కోడలు లేదు. తవ్వింది నువ్వు, మొయ్యాల్సింది నువ్వే. గా పక్క బండల సందు కనవడుతుందా? బూడిద ఆడ వొయ్యి. ఇగ మాట్లాడకు, ఎనుకకు సూడకు."

మాట ఇచ్చాను. నడిచాను.

పది అడుగులు వేశానో లేదో వెనక నుంచి రవికిరణ్ గొంతు. "సార్, అదెక్కడికి? గంపలో ఏముంది?"

జవాబు నా నాలుక చివర ఉంది. మింగాను.

"మేడమ్, చూడండి. సీలు వెయ్యకుండా సరుకు తరలించేస్తున్నారు. అంతా రికార్డవుతోంది."

"విశ్వేశ్వరరావు గారూ!" సౌజన్య గారి గొంతు. "ఆగండి. ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

ఒక్క మాట చాలు. వెనక్కి తిరిగి, ఇది వాళ్ల ఆచారం అండీ అంటే చాలు. అంటే నేను ఇచ్చిన మాట పోతుంది. అనకపోతే గుట్ట పోతుంది.  బూడిద మెడ మీదికి రాలుతోంది.

"ఆఖరిసారి అడుగుతున్నాను. జవాబు చెప్పకపోతే తవ్వకం ఇక్కడితో ఆపేస్తాను."

నేను నడుస్తూనే ఉన్నాను. ఆ నడకను నేను చూస్తున్నవాణ్నయితే, వీడు దొంగే అని నిమిషంలో తేల్చేసేవాణ్ని.

"ఆయన చెప్పడు మేడమ్." భాగ్యమ్మ. "నేను చెప్త. ఆ కెమెరా నా దిక్కు తిప్పు బిడ్డా."

బయటివాళ్లకు చెప్పకూడనిది, కట్టుకున్న భర్తకూ కన్నకొడుక్కూ కూడా చెప్పనిది, కంపెనీ మేనేజరు ఫోన్‌కు ఎదురుగా నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. బూడిద ఎవరిదో, ఎందుకు మోస్తారో, ఎందుకు నోరు మెదపరో చెప్పింది. "ఎవలెవలు మోసిన్రో మా అత్త నాకు నోటికి చెప్పింది. మొదలు వీరమ్మ. ఆమె కోడలు సాయమ్మ. సాయమ్మ కోడలు రామక్క. రామక్క కోడలు ఎల్లమ్మ..."

నేను నడుస్తూ లెక్క పెట్టుకున్నాను. అలవాటు. పోచమ్మ, నర్సమ్మ, మల్లమ్మ. ఒక్కో కోడలికి ముప్పై ఏళ్లు వేసుకున్నాను. చంద్రమ్మ, "ఆమెకు కండ్లు కనవడకున్నా మోసింది." బాలమ్మ, "కలరాల సచ్చిపోతె ఆ యేడు ఆమె ఆడిబిడ్డ అంతమ్మ మోసింది. కోడలు లేని యేడు ఎవలుంటె వాళ్లే." ఎక్కడా తడుముకోలేదు. చీలికలో నేను చూసిన వరసే, పొర మీద పొర, ఆమె నోట వస్తోంది. పోయిన వారం అయితే, ఇదంతా బట్టీ పట్టించారని రాసుకునేవాణ్ని.

వెనక కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "కాస్త మెల్లగా, మొదటి నుంచి మళ్లీ చెప్పండమ్మా" అంది సౌజన్య గారు. "రాసుకుంటాను. తవ్వకం ఆపొద్దు."

భాగ్యమ్మ మళ్లీ వీరమ్మ దగ్గర మొదలుపెట్టింది. నేను బండల సందు దగ్గరికి చేరుకునేసరికి చివరికి వచ్చింది.

"...అంతమ్మ తరువాత మా అత్త లింగమ్మ. లింగమ్మ కోడలిని నేను, భాగ్యమ్మ. ఇయ్యాల విశ్వేశ్వరరావు సారు."

కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ గంప మీద ఉన్నాయి కాబట్టి తుడుచుకోవడానికి వీల్లేదు. అలాగే ఒంగి, బూడిద సందులో పోశాను.